పడవల నంబర్లు పోయిన రోజు

మచిలీపట్నంలో, వేట పడవలకి వాతావరణ హెచ్చరికలు పంపే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. హిమబిందు అక్కడి ఉద్యోగి. భూషణం గారు దివిసీమలో తీరం పక్క ఊరి బడి మాస్టారు.

“పొద్దున ఆరింటికి ఎవరో మా సిస్టంలోకి దూరి అన్నీ చెరిపేశారు మాస్టారూ. పడవలవాళ్ళ ఫోన్ నంబర్లు. ఒక్కటి మిగల్లేదు.”

“వేటకి వెళ్ళినవాళ్ళు సముద్రంలోనే ఉన్నారు కదమ్మా.”

“అదేనండీ. సాయంత్రానికి గాలి ముదురుతుందట. వెనక్కి రమ్మని మెసేజ్ పెట్టాలి. ఎవరికి పెట్టను? ఇంకో గంటైతే ఫోన్ అందని దూరం వెళ్ళిపోతారు.”

“అందుకే ఇది తెచ్చాను.”

“ఏంటండీ?”

“బడి రిజిస్టరు. పిల్లల పేర్ల పక్కన తండ్రుల నంబర్లు ఉంటాయి. నేను చదువుతాను, నువ్వు కొట్టు.”

“ఒకటో తరగతి నుంచా?”

“ఐదు నుంచి. ఒకటో తరగతి పేజీ మీద ఎవడో నీళ్ళసీసా వంచాడు. ఇంకా ఆరలేదు.”

“చదవండి, చదవండి.”

“తొమ్మిది నాలుగు తొమ్మిది సున్నా... అసలు ఎలా దూరారమ్మా?”

“సున్నా తర్వాత?”

“అడిగింది చెప్పు.”

“మన ప్రోగ్రాములు ఒకే మెషీన్లో విడివిడి డబ్బాల్లో నడుస్తాయండీ. కంటైనర్లంటాం. ఒకదాంట్లో దూరినవాడు పక్కదాంట్లోకి రాకూడదు. మనది పాత వెర్షన్. గోడకి కన్నం ఉంది.”

“ఉన్నట్టు తెలుసా?”

“లోకం మొత్తానికీ తెలుసు. ఏడాదిన్నరగా.”

“మరి?”

“కొత్త వెర్షన్ పెట్టాలంటే ఒక పూట ఆపాలి. పడవలు నీళ్ళమీదుంటే ఆపొద్దన్నారు మీ మత్స్యకారుల సంఘంవాళ్ళు. వలలూ ఇంజన్లూ వేట నిషేధంలోనే కదా బాగుచేసుకుంటాం, ఇదీ అప్పుడే చూసుకోండన్నారు.”

“నిషేధం వచ్చింది, పోయింది కూడా.”

“పోయిందండీ.”

“ఎవరూ గుర్తుచెయ్యలేదా?”

“హెచ్చరికలు మెయిల్లో వస్తూనే ఉన్నాయి.”

“నీకా?”

“నాకు కాదు. నాలుగో తరగతి తియ్యండి మాస్టారూ, టైము పోతోంది.”

“హిమబిందూ.”

“వీరదుర్గకండీ. ఇదంతా రాసింది తనే కదా. మార్చిలో తను... పోయాక ఆ అడ్రస్ మార్చాల్సింది నేనే. తన పేరు కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు.”

“మా అమ్మాయి పేరు చెప్పడానికి ఇంతసేపు తిరిగావా?”

“తప్పు తనది కాదండీ.”

“కాదు. రాసుకో. ఎనిమిది ఒకటి ఏడు...”

“ఊఁ.”

“ఇదే ఆఖరు. ఎంతమందయ్యారు?”

“నలభై ఒకటి. అందరికీ మెసేజ్ వెళ్ళింది. వీరమ్మగారి అల్లుడైతే ఫోన్ చేసి, తిప్పేశాం, కూర వండమనండి అన్నాడు. మొత్తం వెళ్ళిన పడవలెన్ని?”

“నలభై రెండు.”

“ఎవరండీ మిగిలింది?”

“దుర్గాశ్రీనివాస్. ఒక్కడే వెళ్తాడు. పెళ్ళి కాలేదు, బడిలో పిల్లలెక్కడుంటారు.”

“ఊళ్ళో అడగండి.”

“అడిగాను. నలుగురికీ ఇచ్చిన నంబరు ఆపేసుకున్నాడు.”

“ఎప్పుడు?”

“మార్చిలో.”

“అయ్యో. వీరదుర్గకి పెళ్ళి ఖాయం చేసింది...”

“అతన్నే. ఇంకో నంబరుంది. అది అమ్మాయికి మాత్రమే ఇచ్చాడు.”

“మరి తన ఫోన్? ఏమైంది మాస్టారూ?”

“జేబులోనే ఉంది. రోజూ ఛార్జింగ్ పెడతాను. మోగుతూనే ఉంటుంది. మీ హెచ్చరికలేనన్నమాట.”

“లాక్ తెలీదా?”

“తెలుసు. వాళ్ళమ్మ పుట్టినరోజు.”

“మాస్టారూ, గాలి అప్పుడే మొదలైంది, కిటికీలు కొట్టుకుంటున్నాయి...”

“వింటున్నాను. మార్చి నుంచి దీన్ని నేను తెరవలేదమ్మా. ఇంకా తెరవలేదు.”