ఎదురు సాలు

మొండిమెట్ల బాయని ఒకటుంది. గుంటూరు దిక్కు మిరప చేలల్లో, కాలవ దాటినాక ఎడమపక్క, నడి మెట్లు విరిగిపోయిన పాత దిగుడుబాయి. దాని పక్క సాళ్ళు పట్టుకోమంటే మగోళ్ళే కూలోళ్ళను తోలుకపోయే మేస్త్రీ మీదికి కొట్లాటకు పోతారు. ఆ బాయంటే భయం లేంది ఉరుకుందమ్మ ఒక్కదానికే. భయం లేదనేది కూడా చిన్న మాటే, పొద్దు వాలితే చాలు ఆ పక్కకు ఎప్పుడు పోదునా అని ఆమె పానం కొట్టుకునేది. చచ్చిపోయిన మనిషి కోసం కాసుకోనుండానని ఎవురితోనైనా ఎట్ల చెప్తాది? చెప్పలే. ఆ మాటను నోరు దాటనీలే. మరి నీకెట్ల తెలుసు అవ్వా అంటారా, చెప్తా. ముందు ఆ లైటు కింద నుంచి ఇట్ల జరగండి, పురుగులు పడతాండాయి.

మీరు రేపు మూటలెత్తుకోని ఆ మిరప కోతకే పోతాండారు గదా, అందుకే చెప్తాండా. కొత్తోళ్ళు కూడా ఉండారు మీలో. కోతలో ఒక పద్ధతుందమ్మా. ఇద్దరిద్దరు జతకడతారు, చెరొక సాలు పట్టుకుంటారు. ఒకామె ముందుగా ముగిచ్చిందనుకో, గట్టు మీద కాళ్ళు చాపుకోని కూసోదు. జతామె సాలుకు అవతలి కొనలో దిగి, కోసుకుంటా ఎదురొస్తాది. దిగేటప్పుడు "ఎదురొస్తాండా" అని కేకేస్తాది, ఇవతలామె "రా, రా" అంటాది. చెట్లు ఏపుగా ఉంటే వంగిన మనిషి కనపడదు గదా, అందుకని. ఇద్దరూ నడుమ కలిసినారంటే సాలు అయిపోయినట్టే. కలిసిన కాడ నడుమెత్తి నిలబడి ఒకరి మొకం ఒకరు చూసుకోని నవ్వుతారు చూడు, పొద్దంతా ఆ మంటలో ఉన్నోళ్ళకు అంతకు మించిన సుఖమేముంటాది?

ఉరుకుందమ్మకు జత హులిగెమ్మ. అదే, మన పక్కింటి మారెక్క కూతురు, మీలో చిన్నోళ్ళకు గుర్తుండదు. ఉరుకుందమ్మది హొళగుంద దిక్కు, మొగుడు బెంగుళూరు పనికి పోయి ఆడనే ఇంకో సంసారం పెట్టుకున్నాడు, అడిగే దిక్కు లేదు. ఊర్లు వేరు, కులాలు వేరు, కోతలప్పుడు తప్ప కలిసేది లేదు, కానీ ఒకే టార్పాలిన్ పట్ట గుడిసెలో ఒకే దుప్పట్లో పండుకునేవాళ్ళు. ఇద్దరికీ ఒకటే పిచ్చి. ఆదోని బస్టాండు కాడ ఉగ్గాని అంగడి పెట్టాలని. బొరుగులు నానేసేది హులిగెమ్మ, బజ్జీలు కాల్చేది ఉరుకుందమ్మ. అంగడి లేదు, పొయ్యి లేదు, చెట్నీలో పుట్నాలు ఎన్ని వేయాలని మాత్రం రోజూ జగడమే.

ఆ పొద్దు కూడా అదే మాట. గల్లాపెట్టె కాడ ఎవురు కూసోవాలని హులిగెమ్మ అడిగిందంట, మీ యమ్మను కూసోబెడదాం, ఉగ్గాని తిననీకి వచ్చినోళ్ళు తిట్లు కూడా తిని పోతారు అని ఉరుకుందమ్మ అనిందంట. మారెక్క నోరు మీకు తెలుసు గదా. హులిగెమ్మ సాల్లోనే కూలబడి నవ్వింది, నవ్వీ నవ్వీ కండ్లల్లో నీళ్ళొచ్చినాయి, ఆ మైమరుపులో చేత్తో తుడుసుకుంది. పొద్దుటి నుంచి పండుమిరప కోసిన చెయ్యమ్మా అది. చెమట కారితే భుజానికి రుద్దుకోవాల గానీ చెయ్యి కంటికి పోనీకూడదని కోతకు పోయిన చంటిపిల్లకు కూడా తెలుసు. నవ్వులో మర్చిపోయింది. నిప్పు పడినట్టయి కండ్లు మూసుకుపోయినాయి. ఈడనే ఉండు, నీళ్ళు తెస్తానని ఉరుకుందమ్మ బిందె కాడికి ఉరికింది. ఆ మంటకు హులిగెమ్మ ఉండగలిగిందా? తడుముకుంటా బాయి దిక్కు పోయింది, మెట్లు దొరికినాయి, దిగింది, నడుమ మెట్లు లేవు. ఉరుకుందమ్మ బిందెతో వచ్చేసరికి సాల్లో సంచి ఉంది, మనిషి లేదు.

తర్వాత మారెక్క ఎన్నిసార్లు తిక్కన్న మేస్త్రీకి ఫోన్ చేసిందో. నా బిడ్డ జత పిల్లతో ఒక్కసారి మాట్లాడించయ్యా, ఆ పొద్దు నా బిడ్డ ఎట్లుండెనో అడుగుతా, అంతే అని. మేస్త్రీ ఫోన్ చాపితే, చేతుల నిండా మిరప ఘాటుంది తర్వాత మాట్లాడతాలే అని ఉరుకుందమ్మ తప్పుకునేది. ఏం చెప్తాది? నిన్ను ఎగతాళి చేసి నవ్విస్తే నీ కూతురు పోయిందని చెప్తాదా?

ఇంక మరుసటి సంవత్సరం కోతలొచ్చినాయి. అందరికీ జతలుండాయి, ఈమె ఒంటిది. కొత్తామెను జతకడతామంటే వద్దనింది. బాయి పక్క సాలు నాకీయన్నా అని మేస్త్రీని అడిగింది. గుంపులో పెద్దామె నాగక్క చేయి పట్టుకోని చెప్పింది, పాపా, ఆ పక్క పొద్దుగూకి పిలుపొస్తాది, పలకాకు, వేరే గుంపులో ఒకామె పలికింది, సాలు నడుమ కలిసినారు, పొద్దున్నే ఆమె చెప్పులు బాయి మెట్ల మీద దొరికినాయి అని.

ఉరుకుందమ్మ విందా? మొదటి మాపునే వినపడింది. బాయి గట్టు మీద నుంచి, సన్నగా, "ఎదురొస్తాండా" అని. గొంతు తెలీదా ఆమెకు? "రా, రా" అనింది. తెల్లారి పోయి చూస్తే అవతలి కొన చెట్లన్నీ ఖాళీ, గట్టు మీద కాయల కుప్ప, కడిగి పోసినట్టు తడి. ఆ పొద్దు నుంచి రోజూ అదే. రోజురోజుకూ నడుమ కోయని చెట్లు తగ్గిపోతాండాయి. గుడిసెలో ఎవురితోనూ మాట్లాడేది మానేసింది, అన్నం కూడా సగం తినేది. ఏందే, మొకం వెలుగుతాంది, మనువు కుదిరిందా అని ఆడోళ్ళు ఎక్కిరించినారు. ఆమె నవ్వి, సంచి భుజానికేసుకోని సాలుకు పోయింది.

కడాకు ఒక మాపు, నడుమ ఒక్క చెట్టే మిగిలింది. అవతల మనిషి. వెంట్రుకల నుంచి నీళ్ళు కారతాండాయి. కండ్లు గట్టిగా మూసుకోనుంది, వేళ్ళతో కొమ్మలు తడిమి తడిమి ఒక్కో కాయ తెంపుతాంది.

"ఉరుకుందీ, నువ్వేనా?"

"నేనేనే."

"కండ్లు తెరుచుకోలే ఇంకా. మంట పోలే."

ఉరుకుందమ్మకు ఏడుపొచ్చింది గానీ వెనక్కి అడుగేయలే.

"చెయ్యియ్యి, దిగుదాం. కింద సల్లగుంటాది. బొరుగులు నానేసి పెట్టినా, నువ్వొచ్చి పొయ్యి ముట్టిస్తే సరి" అని హులిగెమ్మ చెట్టు మీదుగా చెయ్యి చాపింది.

మీరైతే ఏం చేస్తారు? పారిపోతామంటారు, మీకు ఇంటికాడ మనుషులుండారు కాబట్టి. ఆమెకు పైన ఎవురున్నారు? ఆమె కూడా చెయ్యి చాపింది. వేలుకు వేలు తగలబోతాంది. అప్పుడు హులిగెమ్మ అడిగింది, మా యమ్మ నన్ను అడుగుతాందా అని.

"అడుగుతానే ఉంది."

"నువ్వేం చెప్పినావు?"

ఉరుకుందమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ పొద్దు ఈ పిల్ల ఎట్ల నవ్విందో చూసిన మనిషి భూమ్మీద తనొక్కటే. తను కూడా ఆ మెట్లు దిగితే, ఆ తల్లి ఎవురిని అడగాల? కూతురు మంటతో పోయిందని మాత్రమే ఆమెకు తెలుసు. నవ్వుతా ఉండిందని తెలీదు.

"ఏం చెప్పలే" అనింది. "చెప్తా. ఇప్పుడే పోయి చెప్తా."

ఆ ఒక్క చెట్టును అట్లే వదిలేసి, వెనక్కి వెనక్కి నడిచింది. పిలుపు రాలే. తడి వేళ్ళు ఆకులను తడిమే చప్పుడు మాత్రం శానా దూరం వినపడింది. కల్లం కాడికొచ్చి, కాయలు తూకమేస్తాండే తిక్కన్న ముందు నిలబడి, అన్నా, ఫోనియ్యి, మారెక్కతో మాట్లాడాల అనింది. తిక్కన్న ఆమె మొకం చూసి, తూకం ఆపి ఫోన్ చేతిలో పెట్టినాడు.

ఆ మాపు ఫోన్లో ఉరుకుందమ్మ దాచకుండా అంతా చెప్పింది, మారెక్క చెప్పబట్టే మనకీ కత తెలిసింది. సరే, రేపటి మాట వినండి. బాయి పక్క సాలిస్తే మేస్త్రీ ఎంత గొణిగినా వద్దనండి. పట్టుకోక తప్పలేదనుకో, అవతల నుంచి ఎవురైనా ఎదురొస్తాండా అంటే, పలికే ముందు మీ జత యాడుందో చూసుకోండి. మీ పక్కనే ఉందనుకో, నోరు మూసుకోని, సంచి ఆడనే పారేసి వచ్చేయండి. సంచులు ఇంకా దొరుకుతాయి.