సీసల గుర్ద

పాలమూరులో ఒక మిషన్ దవాఖాన. మూత్రపిండం తీసేసి ఇరవై రోజులైన కురుమయ్యకు నర్సు జానమ్మ కట్టు మారుస్తోంది.

“నా గుర్ద నాకియ్యమంటే గంత ఆలోచన ఎందుకక్కా?”

“లోపట ఉన్నన్ని దినాలు తీసెయ్యమని మొత్తుకుంటివి. ఇప్పుడేం జేస్కుంటవు దాన్ని?”

“మా ఉప్పలమ్మకు చూపిస్త.”

“పెండ్లానికి చీర పట్టుకపోతరు గని గిదేం కానుకయ్యా. కదలకు.”

“పోనీ, మంచిగ పూడ్చిపెట్టుకుంట.”

“నాలుగేండ్లు జ్వరంతోని సతాయించినందుకు సమాధి గడ్తవా? అసలది గుర్ద తీరుగనే లేకుండె. నడుమ రాయి, సుట్టు చీము, గుడ్డు సొన లెక్క పచ్చటి గడ్డలు. రాచపుండే అనుకున్నది డాక్టరమ్మ.”

“కాదా మరి?”

“కాదు. హైదరాబాద్ పంపితే అద్దం కింద పెట్టి చూసిండ్రు. రాయి అడ్డంబడి ఏండ్లకేండ్లు వాచి గట్లయిందంట. గసుంటిది డాక్టరమ్మ ఎన్నడు చూడలేదంట. రెండోది మంచిగున్నది, నీకేం ఫికర్ లేదు.”

“గంత అరుదైనదైతే సీసల బెట్టి ఇయ్యరాదు?”

“ఎవరికి చూపిస్తవో నిజం చెప్పు.”

“దొరకు.”

“దొరకా?”

“నాలుగేండ్లసంది నాది నాటకమంటాండు. జ్వరమొచ్చి పండుకుంటే వంగబెట్టి వీపు మీద బండ పెట్టిచ్చిండు.”

“బరువు మొయ్యొద్దని డాక్టరమ్మ చిట్టి రాసిస్తది.”

“చింపి పారేస్తడు. కండ్లతోని చూస్తెనే నమ్ముతడు.”

“ఇప్పుడు నీ వంతు వెట్టి ఎవరు జేస్తాండ్రు?”

“ఉప్పలమ్మ. దొర గడిల నీళ్లు మోస్తాంది. ఆరో నెల.”

“ఆరో నెలా?”

“ఊఁ. సీస ఇయ్యక్కా.”

“హైదరాబాద్ పోయింది మళ్ల రాదు.”

“ఇంకెవనిదన్న ఇయ్యి. నాదెట్లుంటదో దొర చూసిండా ఏంది?”

“నన్ను నవ్వియ్యకు, కట్టు వంకర పోతాంది. ఇగో, పొద్దున నువ్వు నిద్రల ఉన్నప్పుడు దొర మనిషి వచ్చిండు. నిన్నెన్నడు తోలుతరని అడిగిండు.”

“ఏమన్నవు?”

“సచ్చిపోయినవన్న.”

“ఏందక్కా గది?”

“పీనుగ కోసం పెండ్లాన్ని తోలుండ్రన్న. అంటురోగమని గూడ చెప్పిన, ఇగ ఎవ్వడు ఆమె ఎంబడి రాడు. ఇద్దరు కర్నూలు రైలెక్కుండ్రి, తుంగభద్ర దాటితే ఇంగ్లీషోళ్ల రాజ్యం, ఆడ మీ దొర మాట నడవది. ఇగ లేచి అంగీ తొడుక్కొని గేటు కాడ నిలబడు. పాపం, ఏడ్చుకుంట వస్తది, ముందుగాల నువ్వే కనవడాలె.”