మంచుకొండల బావ

మొదటిరోజు జనమంతా వెళ్లిపోయాక, ప్రదర్శన హాల్లో చిత్రకారులైన బావా బావమరుదులిద్దరే మిగిలారు.

"మన దేశానికి మనదైన చిత్రకళ వచ్చిందంటున్నారు బావా, చూసినవాళ్లంతా."

"నువ్వూ నీ ముగ్గురు స్నేహితులూ మన కొండల్లో ఎండనకా వాననకా తిరిగి గీశారు. రాదా మరి?"

"మేం తిరిగినన్నాళ్లూ నువ్వు హోటళ్ల గోడలకి పరాయిదేశపు మంచుకొండలు గీసి, మా అందరికీ అన్నం పెట్టావు. నీ బొమ్మ ఒక్కటీ ఇక్కడ లేదు."

"మంచు తప్ప నాకేం వచ్చురా?"

"ఇకమీదట నువ్వు ఆ ముగ్గురితో కొండకి వెళ్లు. హోటల్ పని నేను చూసుకుంటా."

"నీకు మంచు గీయడం రాదుగా."

"నువ్వే నేర్పు. వచ్చే ప్రదర్శనలో గుమ్మానికి ఎదురుగోడ నీదే. అందరం అనుకున్నాం."

బావ ఒక కొండ చిత్రం దగ్గరికి వెళ్లి వంగి చూశాడు.

"ఈ మట్టి ఎరుపు ఎలా కలిపార్రా?"