డేమ్ గారి మొగుడు

లండన్ రాజభవనంలో బిరుదు అందుకుని, రైల్లో యార్క్‌కి తిరిగి వెళ్తున్న ముసలి దంపతుల మాటలివి.

"రాజభవనం గేటు దగ్గర ఆ అమెరికా వాళ్ళు నిన్ను 'సర్ ఎడ్మండ్' అంటుంటే నోరు మెదపలేదేం?"

"పతకం పెట్టె నా చేతిలో చూసి అనుకున్నారు, పాపం."

"డేమ్‌ని అయింది నేను! మగవాళ్ళకి సర్ ఎలాగో, ఆడవాళ్ళకి డేమ్ అలాగ. మొగుడు సర్ అయితే పెళ్ళాం లేడీ అవుతుంది గానీ, పెళ్ళాం డేమ్ అయితే మొగుడికి ఏమీ రాదు."

"అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకి అవన్నీ ఏం తెలుస్తాయి?"

"నీతో ఫోటో దిగుతామని కెమెరా నా చేతికిచ్చారు!"

"నువ్వు ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చేదాకా ఇన్నేళ్ళూ వంట చేసి కూర్చున్నాను. కాసేపు సర్‌నైతే నీ సొమ్మేం పోయింది?"

"ఏమీ పోలేదు. అందుకే నోరు మూసుకుని ఫోటో తీశాను."

"బాగా వచ్చిందా?"

"పతకం పెట్టె బ్రహ్మాండంగా వచ్చింది. నీ తలే రాలేదు."