ఇడ్లీ పక్కన కామా

విజయనగరంలో ఓ టిఫిన్ కొట్టు. కొత్త ఇంగ్లీషు బోర్డు ముందు స్టూలెక్కి రిటైరైన ఇంగ్లీషు మాస్టారు నరసింగరావు. కింద, కొట్టు నడిపే ఝాన్సీ.

"దిగండి మాస్టారూ! ఏటండి ఆ గీకడం? పడితే అమ్మగారికి నేనేటి సెప్పాలి?"

"కాస్త స్టూలు పట్టుకో ఝాన్సీ. ఇంకో మూడున్నాయి."

"మూడేటి?"

"అపాస్ట్రఫీలు. ఇదిగో, ఇడ్లీ'స్. ఇడ్లీకీ ఎస్‌కీ మధ్య పైన కామాలా వేలాడుతోందే, అది. అక్కడ ఉండకూడదు."

"నిన్ననే కదండి బోర్డు కట్టినాం!"

"నిన్ననే చూశాను. అప్పట్నించి ముద్ద దిగలేదు. ఎవరైనా పోయారా అని అడిగింది మా ఆవిడ. దోసె పక్కన కామా పెట్టారే అన్నాను. కంచం తీసేసింది."

"ఊరంతా అలాగే ఉన్నాయి కదండి."

"వాటినీ గీకాను. కోట దగ్గర బేకరీలో పఫ్'స్ గీకుతుంటే పట్టుకున్నారు."

"దొంగనుకున్నారా?"

"అనుకున్నా పరువుండేది. సంగతి విని, పాపం పెద్దాయన అని టీ ఇచ్చి పంపేశారు. సర్లే, ఇది రాసిన మహానుభావుడెవరు?"

"ధనరాజండి."

"ఏ ధనరాజు?"

"మీ కాడ సదివినోడేనండి. ఎస్ ముందు కామా మరిసిపోతే మీరు గోడకుర్చీ ఏయించీవారంట. ఆ బయానికి ఎస్ కనబడితే సాలు, ఎట్టీస్తాడు."

"దింపమ్మా. చెయ్యందుకో. ఊరి తెగులంతా నా బడిలోంచే వచ్చిందన్నమాట. ముప్పై నాలుగేళ్లు, ఒక్కరోజు సెలవు పెట్టకుండా చెప్పాను."

"ఊరుకోండి. ఇలాగ కూకుని రెండిడ్లీ తినండి. అసలా కామాకి అర్దమేటండి?"

"మనిషి పేరు తర్వాత పెడితే, ఆ వస్తువు ఆ మనిషి సొంతం అని. ఇడ్లీకేముంది సొంతం? చట్నీయా? ఉప్మాకి పెట్టాడు చూడు, దానికసలు బహువచనమే లేదు!"

"మరి పైన, మా ఆయన పేరు కాడ? జోగయ్య'స్ టిఫిన్స్ అనున్నాది. దాన్నెందుకు గీకలేదు?"

"అది ఒప్పు. మొత్తం బోర్డులో వాడు సరిగ్గా పెట్టింది అదే. జోగయ్య టిఫిన్లు."

"అంటే జోగయ్యవి."

"అవును. జోగయ్యవి."

"సాలూరులో లారీల కాడుంటాడండి మా ఆయన. నెలకోపాలి వస్తాడు. వచ్చినా పొయ్యి దిక్కు సూడడు."

"అది... వ్యాకరణం కిందికి రాదమ్మా."

"పప్పు నానేసి, రుబ్బి, నాలుగింటికి పొయ్యి ముట్టించీది ఎవరండి?"

"నువ్వే."

"సట్నీ?"

"అదీ నువ్వే."

"అయితే, మిగతా కామాలు ఉండనీండి మాస్టారూ. తప్పు మీరొప్పన్న ఆ ఒక్కటేనండి."