క్లిప్పు పెట్టిన వయొలిన్

నాకు చేతకాదంటాడేమిట్రా ఆ మేస్టారు? ఇరవయ్యేళ్ళుగా ఆయన బృందంలో వయొలిన్ వాయిస్తున్నాను. ఇవాళ కొత్తగా చేతకాకుండా పోయిందా?

నువ్వూ విన్నావుగా, ముందు వరసలోనే కూర్చున్నావు. "ఆ చోట గట్టిగా వాయించాలమ్మా, హాలంతా మోగాలి" అన్నాడు. సరేనని మొదలుపెట్టాను. తీరా అక్కడికొచ్చేసరికి కమాను దానంతటదే తేలిపోయింది. మూడుసార్లు! నాలుగోసారి చెయ్యెత్తి ఆపేసి, నేనొక్కదాన్నే వాయించాల్సిన ఆ భాగం నా పక్కపిల్లకి ఇచ్చేశాడు. నిన్న కాక మొన్న చేరిన పిల్లకి!

కూర్చోరా తమ్ముడూ. రిహార్సలయ్యాక ఈ గదిలోకి ఎవరూ రారు. ఫ్లాస్కులో టీ ఉంది, పోసుకో.

ఊరుకో, ఓదార్చకు. నీది మెత్తటి చెయ్యి అక్కా, అదే నీ అందం అంటావు. పేపర్లోనూ అలాగే రాశారు, నాది సున్నితమైన అభిరుచిట. అభిరుచా, నా బొందా! నాన్న రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేవాడు. అంతే.

రెండు గదుల కొంప. ఆ గదిలో ఆయన, ఈ గదిలో మనం. గరిటె కింద పడితే అమ్మకి పైప్రాణాలు పైనే పోయేవి. మామయ్య ఇచ్చిన పాత వయొలిన్ వాయించాలంటే, తీగల్ని మోసే చెక్కకి బట్టలారేసే క్లిప్పు పెట్టాలి. దోమ పాడినట్టుండేది. ఆ దోమపాటే నాకు సంగీతమై కూర్చుంది. మిగతావాళ్ళు వాయిస్తుంటే కేకలేస్తున్నట్టే ఉంటుంది, తెలుసా?

ఇప్పటికీ కాస్త గట్టిగా పట్టానంటే, పక్కగదిలో మంచం కిర్రుమంటుంది. నవ్వకు. ఆయన పోయి పదకొండేళ్ళయింది, ఆ మంచమూ అమ్మేశాం. అయినా వినిపిస్తుందిరా. ఇందాక హాల్లోనూ వినిపించింది. భయంగా ఉంది నాకు.

ఆ రోజు గురించి మనమెప్పుడూ మాట్లాడుకోలేదు కదూ?

వద్దంటావేం? నాకు పదమూడు, నీకు పది. నువ్వు వయొలిన్ మీద కమానుతో రెండు గీతలు గీశావు, నాన్న వచ్చి బెల్టు తీశాడు. ఆ రాత్రే ప్రెస్సులో నిద్రమత్తుతో, కాగితాలు కోసే మిషను కింద చెయ్యి పెట్టాడు. రెండు వేళ్ళు పోయాయి.

నిన్నెవరూ ఒక్కమాట అనలేదు. కానీ అన్నం పెట్టేటప్పుడు అమ్మ నీ మొహం చూసేది కాదు. నువ్వు మళ్ళీ వయొలిన్ ముట్టలేదు. ఫ్రిజ్జులు బాగుచేసుకుంటూ బతుకుతున్నావు. నాకంటే నీ చెవే మంచిదిరా. మోటారు చప్పుడు విని ఏది పాడైందో చెప్పేస్తావే, ఆ చెవి!

ఆగు, లేవకు. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

అమ్మ బజారుకెళ్ళింది. నువ్వు పెరట్లో పంపు కింద కాళ్ళు కడుక్కుంటున్నావు. ఆ వయొలిన్ అసలు గొంతు ఎలా ఉంటుందో ఒక్కసారి విందామని బుద్ధి పుట్టింది. క్లిప్పు తీసేసి ఒక్క గీత గీశాను. ఒళ్ళు ఝల్లుమంది. ఏం గొంతురా అది!

మంచం కిర్రుమంది.

అప్పుడే నువ్వు తడికాళ్ళతో వచ్చి, రోజూ అడిగినట్టే, "అక్కా, నాకూ ఒక్కసారి" అన్నావు. ఏనాడూ ఇవ్వనిదాన్ని, ఆ రోజు చప్పున నీ చేతిలో పెట్టేశాను. నీ మొహం ఎంత వెలిగిపోయిందో! క్లిప్పు నా గుప్పిట్లోనే ఉంది. ఆయన వస్తున్నాడని నాకు తెలుసు.

నాన్న నిద్ర చెడగొట్టింది నేనురా. నువ్వు కాదు.

అమ్మకి రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. ఆవిడా వెళ్ళిపోయింది.

కోప్పడరా నామీద. తిట్టు పోనీ.

వెళ్తావా? సరే, వెళ్ళు. తలుపు ధడాల్న వేసి వెళ్ళినా ఏమీ అనుకోను.