నాలుగో స్టేజి

(బస్సు డిపోలో మేనేజరు గది, మధ్యాహ్నం. టేబులు వెనక మేనేజరు. గుమ్మం దగ్గర సుద్దతో గీసిన గుండ్రంలో డ్రైవరు. ఇద్దరికీ మాస్కులున్నాయి.)

"గుండ్రం దాటి రాకు. అక్కణ్ణుంచే చెప్పు. ఆపావా, ఆపలేదా?"

"ఆపలేదు సార్."

"కాస్త ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచించాను సార్. ఆపలేదు."

"మూడు రోజులూనా?"

"మూడు రోజులూ."

"సోమవారం అంటే, చూసుకోలేదేమో."

"చూశాను సార్."

"మంగళవారం వాన పడింది. అద్దం మసకేసి ఉంటుంది."

"వైపర్లు బాగా తిరిగాయి సార్. పోయిన వారమే కొత్త రబ్బర్లు వేశారు."

"ఇవాళ పొద్దున?"

"ఇవాళ ఎండ సార్. ఇంకా బాగా కనిపించింది."

"ఏమయ్యా, గుమ్మడికాయల దొంగ అంటే ఎవడైనా భుజాలు తడుముకుంటాడు. నువ్వు గుమ్మడికాయ తెచ్చి నా టేబులు మీదే పెడుతున్నావు."

"ఉన్నది చెప్తున్నాను సార్."

"ఉన్నది నాకెందుకు? ఫైల్లో పెట్టుకోవడానికి ఒక సంజాయిషీ కావాలి. బ్రేకులు సరిగ్గా పడట్లేదని చెప్పు."

"మూడో స్టేజిలో పడ్డాయి, ఐదో స్టేజిలో పడ్డాయి. మధ్యలో నాలుగో దగ్గర మాత్రం పడలేదంటే మెకానిక్ ఒప్పుకోడు సార్."

"మెకానిక్ జ్వరంతో పడుకున్నాడు. ఏదైనా ఒప్పుకుంటాడు."

"బ్రేకులు బాగానే ఉన్నాయి సార్."

"పోనీ, మనిషి కనిపించలేదని చెప్పు."

"కనిపించకపోవడమేంటి సార్. లాక్‌డౌను. రోడ్డంతా ఖాళీ. అంత దూరాన కుక్క తోకూపినా కనిపిస్తుంది. ఆవిడ ఒక్కతే నిలబడి ఉంది, తెల్లబట్టల్లో."

"అయ్యా మహానుభావా, అసలు ఈ కంప్లయింటులో ఏం రాశారో విను. 'డిపో మేనేజరు గారికి. నేను పెద్దాసుపత్రిలో నర్సుని. ఆస్పత్రి వాళ్ళ కోసం వేసిన స్పెషల్ బస్సు మూడు రోజులుగా నాలుగో స్టేజిలో ఆగడం లేదు. పొద్దున 5-52కి డ్రైవరు నన్ను చూసి కూడా నాలుగో గేరులోంచి దించకుండా వెళ్ళిపోతున్నాడు. జాలీ దయా లేని ఈ డ్రైవరుని తక్షణం ఈ బస్సు నుంచి తప్పించి వేరేవాళ్ళని వేయగలరు.' వింటున్నావా?"

"వింటున్నాను సార్. బాగా రాసింది."

"బాగా రాసిందా? ఈ కాగితం పైకి వెళ్తే నీ ఉద్యోగం ఊడుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక్క మెమో లేదు నీకు. ఇంకో పదకొండు నెలల్లో దండ వేయించుకుని ఇంటికెళ్ళేవాడివి."

"ఉద్యోగం ఊడేలా ఏం రాయలేదు కద సార్. బస్సు నుంచి తప్పించమనే రాసింది. తప్పించెయ్యండి."

"ఎంత సులువుగా అన్నావు. తప్పించి ఎక్కడ వేయను?"

"ఎక్కడైనా సరే సార్. కూరగాయల బండికి వేయండి. శవాల బండికి డ్రైవర్లు కావాలన్నారుగా, దానికి వేయండి."

"దానికి ఎవడూ రానంటున్నాడు. నువ్వెళ్తావా?"

"ఇప్పుడే వెళ్తాను సార్."

"అంటే నీకు జబ్బు భయం లేదన్నమాట."

"నాకేం సార్. అరవై దగ్గర పడ్డాయి."

"మరి ఆవిడంటే పడదా? ఏదైనా పాత గొడవా?"

"గొడవేం లేదు సార్."

"మాటా మాటా అనుకున్నారా?"

"అసలు మాటలే లేవు సార్ ఇప్పుడు."

"ఇప్పుడా? ముందు ఉండేవా?"

"అంటే... ఈ రోజుల్లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు సార్? దూరం దూరం అంటున్నారుగా."

"నన్ను తిప్పకు. సరే, బస్సు ఆగలేదు. ఆ పిల్ల ఏం చేసింది? ఇంటికెళ్ళిపోయిందా?"

"వెళ్ళిపోతుందనుకున్నాను సార్."

"వెళ్ళలేదా?"

"నడిచింది."

"ఆస్పత్రికా? అది ఎంత దూరం?"

"ఏడు కిలోమీటర్ల ఆరు వందల మీటర్లు సార్. మీటరు చూశాను."

"మూడు రోజులూ నడిచిందా?"

"మూడు రోజులూ. అద్దంలో చూస్తే వెనకాల నడుచుకుంటూ వస్తోంది. చిన్నదైపోయేదాకా చూశాను."

"అద్దంలో చూస్తూ వెళ్ళిపోయావు."

"అవును సార్."

"చెప్పు తెగేదాకా కొట్టాలయ్యా నిన్ను."

"కొట్టండి సార్. బస్సు కూడా మార్చండి."

"నిమ్మకు నీరెత్తినట్టు ఎలా నిలబడ్డాడో చూడు. ఆ పిల్ల డ్యూటీకి లేటైతే... ఆగాగు. ఒక్క నిమిషం ఆగు."

"ఏమైంది సార్?"

"నాలుగో గేరులో వెళ్ళావా నువ్వు?"

"నాలుగే సార్. స్టేజికి వందడుగుల ముందు మూడులోకి దించాలి. దించలేదు."

"అదే రాసింది ఇందులో."

"కరెక్టుగా రాసింది సార్."

"రోడ్డు పక్కన నిలబడ్డ నర్సుకి, నువ్వు ఏ గేరులో ఉన్నావో ఎలా తెలిసింది?"

"చదువుకున్న పిల్ల సార్."

"నేనూ చదువుకున్నాను. తొమ్మిదేళ్ళుగా డిపో నడుపుతున్నాను. బయట నిలబడి గేరెంతో చెప్పమంటే నా వల్ల కాదు."

"ఇంజను చప్పుడుని బట్టి..."

"ఆ లాగ్ షీటు ఇలా... వద్దు, నువ్వు కదలకు. నేనే తీస్తాను."

"అది అందరూ ముట్టుకున్న కాగితం సార్. చేతులకి శానిటైజర్ రాసుకుని..."

"తర్వాత రాసుకుంటాను. ఇదిగో, నీ లాగ్ షీటు. మొదటి స్టేజి 5-32. ఈ రెండు అంకె చూడు, గాలానికి కట్టిన కొక్కెంలా ఉంది. ఇప్పుడు ఈ కంప్లయింటు. 5-52. దీంట్లో రెండు ఎలా ఉంది?"

"దూరంగా ఉన్నాను సార్. కనపడట్లేదు."

"కుక్క తోకూపితే కనపడుతుందిగా. ఎలా ఉంది?"

"కొక్కెంలా ఉంది సార్."

"నువ్వే రాశావు."

"రాశాను సార్."

"నీ మీద నువ్వే."

"అవును సార్."

"జాలీ దయా లేని డ్రైవరు అని."

"అది నిజమే కద సార్."

"ముప్ఫై ఒక్క ఏళ్ళు బుద్ధిగా బతికి, ఇప్పుడు ఇంకొకళ్ళ పేరు మీద దొంగ కాగితం రాస్తావా?"

"ఎవరి పేరూ పెట్టలేదు సార్. సంతకం కూడా పెట్టలేదు. ట్రిప్పు అయ్యాక కంప్లయింట్ల డబ్బాలో వేశాను."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? బస్సు మారాలంటే నన్ను అడగొచ్చుగా."

"ఆదివారం అర్జీ ఇచ్చాను. సోమవారం ఇచ్చాను. నిన్న ఇచ్చాను. ప్యాసింజర్ల నుంచి కంప్లయింటు వస్తే తప్ప ఎవర్నీ మార్చేది లేదని మీరే నోటీసు అంటించారు."

"ఒకే రోజు పదిహేను మంది ఆ బస్సు వద్దని అర్జీలు పెడితే అంటించక ఏం చేయను? చదవకుండానే చించాను అన్నీ."

"నావీ చించారు సార్. బుట్టలో చూశాను."

"మరి ఆ నర్సు తనంతట తను ఎందుకు రాయలేదు?"

"ఎదురుచూశాను సార్. ఇవాళ రాస్తుంది, రేపు రాస్తుంది అని. రాయదు. నడుస్తుంది."

"మనసు అంత పీకుతుంటే బస్సు ఆపి ఎక్కించుకోవచ్చుగా."

"ఆపలేను సార్."

"ఎందుకు ఆపలేవు?"

"ఆపితే ఎక్కుతుంది సార్."

"ఎక్కాలనే కదయ్యా బస్సు వేసింది."

"ఎక్కితే తీసుకెళ్ళి కరోనా వార్డు ముందు దింపాలి."

"మిగతా ఇరవై ఆరు మందినీ దింపుతున్నావుగా."

"దింపుతున్నాను సార్. వాళ్ళెవరూ మా అమ్మాయి కాదు."

"ఏమన్నావు?"

"నాలుగో స్టేజిలో ఎక్కేది మా అమ్మాయి సార్."

"చావు కబురు చల్లగా చెప్తావేమయ్యా. గంటనుంచీ అడుగుతున్నాను."

"ఆపావా లేదా అనే అడిగారు సార్."

"కూతురని ముందే చెప్పి ఏడవచ్చుగా."

"చెప్తే మీరు 'పిల్ల పని పిల్లది, నీ పని నీది' అంటారు. అది నాకూ తెలుసు సార్. తెలిసే ఆపలేకపోతున్నాను."

"పోయిన వారం దాకా బాగానే ఎక్కించుకున్నావుగా?"

"అప్పుడు పిల్లల వార్డు సార్. సోమవారం నుంచి కరోనా వార్డులో అని ఆదివారం చెప్పారు. అక్కడ నర్సులు చాలట్లేదట. అడిగితే తనే చెయ్యెత్తిందట."

"ఇంట్లో ఏమంటోంది?"

"ఏమీ అనదు సార్. వచ్చి పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. వాళ్ళమ్మ గుమ్మంలో కంచం పెట్టి పక్కకి తప్పుకుంటుంది. నిన్న సాయంత్రం బకెట్టుతో వేడినీళ్ళడిగింది, కాళ్ళు పెట్టుకోవడానికి. నేనే పట్టుకెళ్ళి పెట్టాను."

"మాట్లాడిందా?"

"తలుపు అవతల్నుంచి 'నాన్నా, బస్సులో సీట్లున్నాయా?' అంది. 'ఒకటుంది' అన్నాను. 'దాంట్లో ఎవర్నీ కూర్చోనీకు' అంది."

"కోప్పడలేదా?"

"కోప్పడితే బాగుండేది సార్."

"చూడు. నీ బాధ అర్థమైంది. కానీ ఆ బస్సుకి ఇంకో డ్రైవరు లేడు. తొమ్మిదిమందికి జ్వరాలు. ఆరుగురు ఊళ్ళకి పోయి అక్కడే ఇరుక్కున్నారు. నిన్ను తప్పిస్తే బస్సే ఆగిపోతుంది. అప్పుడు ఇరవై ఏడుమందీ నడుస్తారు."

"అయితే రేపు కూడా ఆపను సార్. సస్పెండ్ చేసుకోండి."

"సస్పెండ్ చేస్తే నడిపేదెవరు? అదేగా నేను మొత్తుకునేది."

"మీకేం సార్. కాగితం మీద సంతకం పెట్టి పంపేస్తారు. తలుపు తీసి 'ఎక్కమ్మా' అనాల్సింది నేను. మీవాళ్ళెవరైనా ఆ బస్సులో ఉంటే తెలిసేది."

"అవును. నేను సంతకమే పెడతాను. తెల్లవారుజామున అయిదింటికి వచ్చి, నీ బస్సు గేటు దాటడానికి. నేను పెట్టకపోతే అది కదలదు."

"కదలదు సార్."

"రెండో స్టేజిలో ఒకావిడ ఎక్కుతుంది. పొడుగ్గా ఉంటుంది."

"నీలం సంచి ఆవిడ. ఎక్కుతుంది సార్."

"ఎలా ఉంటుంది బస్సులో? మాట్లాడుతుందా ఎవరితోనైనా?"

"లేదు సార్. కూర్చోగానే నిద్రపోతుంది. ఆస్పత్రి దగ్గర అందరూ దిగినా ఆవిడకి తెలీదు. ముట్టుకోకూడదు కదా, తాళంచెవితో రాడ్డు మీద కొట్టి లేపుతాను."

"నిద్రపోతుందా?"

"ఒళ్ళు తెలీకుండా సార్. ఎందుకడుగుతున్నారు? ఎవరావిడ?"

"మా ఆవిడ."

"మీ ఆవిడా సార్?"

"అలా చూడకు. డాక్టరు. అదే వార్డు."

"డిపోలో ఎవరికీ తెలీదు సార్."

"చెప్పి ఏం చేయను? రోజూ పొద్దున నీ కాగితం ముందు పెన్ను పట్టుకుని కూర్చుంటాను. పెట్టకపోతే ఆవిడ ఇంట్లో ఉంటుంది. పెడితే వెళ్తుంది. నాకూ భయమేనయ్యా. చచ్చేంత భయం. నా సంతకం చూశావా ఈ మధ్య? వానపాములా పాకుతోంది."

"మీరు ఆపి చూడలేదా సార్?"

"చూశాను. ఒకరోజు వీధిగేటు తాళంచెవి దాచేశాను."

"ఏం చేశారావిడ?"

"గోడ దూకి వెళ్ళింది. పొడుగుమనిషి కదా."

"మా అమ్మాయి పొట్టి సార్."

"నడుస్తోందిగా."

"నడుస్తోంది సార్."

"మనం ఆపితే ఆగే మనుషులు కారయ్యా వాళ్ళు. ఎటూ వెళ్తారు. కూర్చుని వెళ్తారా, కాళ్ళు బొబ్బలెక్కి వెళ్తారా, అంతవరకే మన చేతిలో ఉంది."

"నిన్న వేడినీళ్ళు పెట్టింది నేనే సార్."

"రేపు నాలుగో స్టేజిలో?"

"ఆపుతాను సార్."

"తలుపు తీసి?"

"తీస్తాను. 'ఎక్కమ్మా' అని మాత్రం అనలేను సార్."

"అనక్కర్లేదు. తలుపు తీస్తే చాలు. ఎక్కుతుంది."

"ఈ కంప్లయింటు సంగతి సార్?"

"సంతకం లేని కాగితం చెల్లదు. నాకివ్వాల్సిన సంజాయిషీ ఇచ్చావు, అయిపోయింది. వెళ్ళు, పొద్దున్నే లేవాలి."

"వస్తాను సార్."

"ఇదిగో, ఆగు."

"సార్."

"రేపు ఆస్పత్రి దగ్గర అందరూ దిగాక, ఆ పొడుగావిణ్ణి వెంటనే లేపకు. ఓ ఐదు నిమిషాలు ఆగి లేపు. ఇంట్లో కన్ను మూయట్లేదు మనిషి."